మిగిలిన ఒక్క లైను

"ఆ అమ్మాయి బుధవారం ఇక్కడికి ఎన్నింటికి వచ్చింది?"

"మూడింటికి. పోలీసులకి ఆరుసార్లు చెప్పాను. మీకు చెబితే ఏడు."

మ్యూజిక్ డైరెక్టర్ గొంతులో విసుగు లేదు. లెక్క రాని పిల్లకి ఓపిగ్గా చెప్పే పంతులులా ఉన్నాడు. స్టూడియోలో అందరూ ఆయన్ని మేష్టారనే పిలుస్తారు. ముందుగదిలో సోఫా మీద కాలు మీద కాలేసుకుని, గొంతుకి మంచిదని వేడినీళ్ళు గుక్కగుక్కగా తాగుతున్నాడు. ఆయన పాడడు, ట్యూన్లు కడతాడంతే. అయినా గొంతు గురించి జాగ్రత్త మాత్రం పాడేవాళ్ళకంటే ఎక్కువ.

డిటెక్టివ్ నోటుబుక్కులో మూడు అంకె వేసి కింద గీత గీసింది. ఆమెకి యాభై నాలుగేళ్ళు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పాతికేళ్ళు చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చుంది. ఎవరు ఎవరితో అబద్ధమాడుతున్నారో గొంతు వినే చెప్పగలిగేంత అనుభవం వచ్చేసరికి ఎక్స్ఛేంజీనే ఎత్తేశారు. నేర్చిన విద్య ఊరికే పోనివ్వడం ఎందుకని ఈ పనిలోకి దిగింది. మొహాలు చూసి ఆమె చాలాసార్లు మోసపోయింది. గొంతులు విని మోసపోయింది బహు తక్కువ.

కేసు నాలుగు ముక్కల్లో చెప్పేయొచ్చు. ఇప్పుడిప్పుడే పేరొస్తున్న ఒక గాయని బుధవారం పొద్దున పదింటికి అక్కగారింట్లోంచి బయల్దేరింది. ఇవాళ సోమవారం, ఇంకా తిరిగి రాలేదు. ఆమెని ఆఖరుసారి కార్లో ఎక్కించుకున్నాడని గురువారం పొద్దున ఏడింటికి పోలీసులు ఒకణ్ణి పట్టుకెళ్ళారు. అతను ఎవరో కాదు, ఆ అక్కగారి మొగుడే. ఈ స్టూడియోలో సౌండ్ ఇంజనీరు, గాయనికి స్వయానా బావ. రేపు పదకొండింటికి మళ్ళీ కోర్టులో నిలబెడతారు.

ఆ అక్కగారు ఇప్పుడు డిటెక్టివ్ పక్కనే కూర్చుని ఉంది. నిన్న మధ్యాహ్నం ఆమె డిటెక్టివ్ ఇంటికొచ్చి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా అడిగింది. "మా ఆయన మా చెల్లెల్ని చంపాడో లేదో చెప్పండి మేడమ్. చంపి ఉంటే జన్మలో ఆయన మొహం చూడను. చంపకపోతే, ఇన్ని రోజులు అనుమానించినదాన్ని, నా మొహం ఆయనకెలా చూపించాలో తెలీడంలేదు." అది విన్నాక ఈ కేసు వద్దనడానికి డిటెక్టివ్‌కి నోరు రాలేదు.

"మూడింటికొచ్చి?" అంది డిటెక్టివ్.

"పాడింది. నాలుగున్నరకి అయిపోయింది. వాళ్ళ బావ కారొచ్చింది, ఎక్కి వెళ్ళిపోయింది. నేను ఐదింటికి రిహార్సల్ హాల్లో ఉన్నాను. తొమ్మిదిదాకా కుర్చీలోంచి లేవలేదు. వాయించేవాళ్ళు అరవైమంది ఉన్నారు, అందర్నీ అడగండి."

"నలభైమందిని అడిగాను. మీరు చెప్పింది నిజమే."

"మిగతా ఇరవైమంది?"

"వాళ్ళూ అదే చెబుతారని నలభైమందీ చెప్పారు. మరి కారు మీరు కళ్ళారా చూశారా?"

"కిటికీలోంచి చూశాను."

"అతను రెండింటికే బయటికెళ్ళానంటున్నాడు. బాగుచెయ్యడానికిచ్చిన మైకు తేవడానికి మీరే పంపారట. మూడింటికి ఆ షాపులోంచి బయటపడ్డాడు, షాపు ఆయన కూడా అదే చెప్పాడు. దారిలో కారు మొరాయించిందట. ఐదింటికి ఇక్కడికి వచ్చేసరికి తాళం వేసి ఉందట."

"కారు మొరాయించినప్పుడు ఎవరైనా చూశారా?"

"లేదు."

"చూశారా మరి!" అని మేష్టారు ఒక గుక్క తాగాడు. అక్కగారు ఒళ్ళో ఉన్న హ్యాండ్‌బ్యాగు పట్టీని మెలిపెట్టింది.

"ఆ రోజు పాట ఎన్నిసార్లు పాడించారు?"

"ఒక్కసారే. పల్లవి నుంచి ఆఖరుదాకా ఒకే ఊపున పాడేసింది. ఒక్క లైను కూడా మళ్ళీ పాడించలేదు. అలాంటి గొంతండీ అది!" ఈ మాట ఆయన నిజంగానే గర్వంగా అన్నాడు.

డిటెక్టివ్ అదీ రాసుకుంది. తర్వాత తలెత్తకుండానే అడిగింది. "ట్యూన్ ఎవరిది?"

కప్పు పెదాల దాకా వెళ్ళి ఆగింది. "నాది. పాట మీద నా పేరుంది, చూడలేదా?"

"అది మా వంటింట్లో కట్టింది మేష్టారూ," అంది అక్కగారు. ఇంతసేపూ మాట్లాడని మనిషి ఒక్కసారిగా బయటపడింది. "పాలు పొంగి స్టవ్వంతా పాడవుతున్నా పట్టించుకోకుండా, గరిటెతో తాళం వేసుకుంటూ కట్టింది. నేను తిట్టాను కూడా. తన పేరు వెయ్యకపోతే ఇక ఈ పాట పాడనని మంగళవారం మీకు ఫోన్ చేసింది. అప్పుడు నేను పక్కనే ఉన్నాను."

"చేసిందమ్మా, కాదన్నానా? సర్దిచెప్పాను. మర్నాడు వచ్చి పాడింది. లోపల పాట ఉంది, వెళ్ళి వినండి. అలిగిన పిల్ల అంత బాగా పాడుతుందా?"

అప్పుడే తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చాడు. చంకలో గేటు దగ్గరి రిజిస్టర్, చేతిలో లక్క, సీలు. డిటెక్టివ్‌ని చూడగానే మొహం వెటకారపు నవ్వుతో విచ్చుకుంది. పోయినేడాది ఒక కేసులో ఆమె చెప్పిందే నిజమైంది. అప్పట్నుంచి ఆయనకి ఆమె కంట్లో నలుసు.

"ఎక్స్ఛేంజి మేడమా! రాంగ్ నంబర్ కలిపారండీ. మీక్కావలసిన మనిషి మా లాకప్‌లో ఉన్నాడు."

"లైన్ బిజీ అన్నారు. ఈలోగా ఇటొచ్చాను," అంది డిటెక్టివ్.

"నవ్వుకోండి. కార్లో ఆ పిల్ల చున్నీ దొరికింది. మూడు నుంచి ఐదు దాకా ఎక్కడున్నాడో చూసినవాళ్ళు లేరు. నిప్పు లేందే పొగ వస్తుందా?"

"సొంత మరదలి చున్నీ బావ కార్లో ఉండక మీ జీపులో ఉంటుందా?"

ఇన్‌స్పెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి. మేష్టారు మాత్రం తాపీగా లేచి, కప్పు బల్ల మీద పెట్టి, చొక్కా సర్దుకున్నాడు. "నేను బయల్దేరొచ్చా ఇన్‌స్పెక్టరుగారూ? రేపు పాట విడుదల. ఊరవతల చిన్న పనుంది."

"ఒక్క ఇరవై నిమిషాలు ఆగితే బాగుంటుంది," అంది డిటెక్టివ్. "పాటలు విన్నాక మళ్ళీ అడగాల్సినవి ఉంటాయి."

"ఎవరు ఆగాలో చెప్పడానికి మీరెవరు మేడమ్? పెద్దమనిషి, ఆరుసార్లు అడిగినా విసుక్కోకుండా చెప్పాడు. మీరు వెళ్ళండి సార్." ఇన్‌స్పెక్టర్ తలుపు తనే తీసి పట్టుకున్నాడు.

గోడగడియారంలో పదకొండూ ఇరవై. మేష్టారు కారు గేటు దాటిన చప్పుడు విని డిటెక్టివ్ ఆ టైము కూడా రాసుకుంది.

"పన్నెండింటికి ఈ స్టూడియోకి సీలు వేస్తున్నాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అప్పటిదాకా పాటలు వింటారో డాన్సులే చేస్తారో మీ ఇష్టం."

* * *

లోపలి గదిలో మిక్సింగ్ అమ్మాయి ఒక్కతే ఉంది. పాడినవీ వాయించినవీ విడివిడిగా ఉన్నవాటిని కలిపి పాటగా కుదర్చడం ఆమె పని. ఇంజనీరు లాకప్‌లోకి వెళ్ళాక ఆయన పని కూడా ఈమె నెత్తినే పడింది. జుట్టులో పెన్సిల్ గుచ్చుకుని ఉంది. ఆ పెన్సిల్ కోసమే బల్లంతా వెతుకుతోంది.

"తల్లో ఉందమ్మా," అంది డిటెక్టివ్. "నాకు రెండు పాటలూ కావాలి. ముందు పాతది."

పాట ఒకటే. నెల కిందట గిటార్ మీద రికార్డ్ చేశారు. పాట విడుదల చేసే కంపెనీ వాళ్ళు గిటార్‌తో తేలిపోయిందనీ, పియానోతో చేస్తే నిండుగా ఉంటుందనీ అన్నారట. అందుకే రెండోసారి. వేగం మారలేదు, శ్రుతి మారలేదు. మేష్టారి లెక్కన, ఆ రెండో దానికే గాయని బుధవారం వచ్చి పాడింది.

మిక్సింగ్ అమ్మాయి గిటార్ పాట పెట్టింది.

*వీధి చివర ఆగిపోయిన అడుగు నాది*
*వెనక్కి చూస్తే మిగిలి ఉన్న వెలుగు నీది*

నెమ్మదైన పాట, ఏ హంగూ లేని గొంతు. పక్కింటి పిల్ల మెట్ల మీద కూర్చుని తనలో తను పాడుకుంటున్నట్టుంది. అక్కగారు గోడ వైపు తిరిగి నిలబడింది. గుమ్మానికి ఆనుకున్న ఇన్‌స్పెక్టర్ కూడా రిజిస్టర్ తిప్పడం ఆపాడు గానీ, ఎవరో చూస్తారని వెంటనే మళ్ళీ తిప్పడం మొదలుపెట్టాడు.

తర్వాత పియానో పాట. డిటెక్టివ్ కళ్ళు మూసుకుని వింది. రెండో లైనుకి ముందు గాయని చిన్న గుటక వేసి ఊపిరి తీసుకుంటుంది. గిటార్ పాటలో ఉన్న ఆ గుటకే ఇక్కడా, అదే చోట ఉంది.

"మా చెల్లెలికి చిన్నప్పట్నుంచీ అలవాటండీ," అంది అక్కగారు. "పై స్వరం అందుకోబోయే ముందు గుటక వేస్తుంది. స్కూల్లో ప్రార్థన పాడేటప్పుడు కూడా అంతే."

అలవాటైతే రెండుసార్లూ వస్తుంది. దాన్ని పట్టుకుని కూర్చోవడానికి లేదు. డిటెక్టివ్ మిగతాది వింది. పాట ఆఖరి లైను దగ్గర అక్కగారు చటుక్కున ఇటు తిరిగింది.

"ఇక్కడ 'తలుపు మూయకు, నేను వస్తా' కదా ఉండాలి? ఇదేంటి, 'దీపమార్పకు, నేను వస్తా' అంటోంది?"

"అది మార్చారండీ," అంది మిక్సింగ్ అమ్మాయి. "తలుపు మరీ మామూలుగా ఉంది, దీపం పెట్టండని కంపెనీ వాళ్ళు అడిగారు. మేష్టారు ఆ లైను మార్చినది తెచ్చిచ్చారు."

డిటెక్టివ్ దాని పక్కన ఒక చుక్క పెట్టుకుని, "వాయిద్యాలు తీసేసి ఉత్త గొంతు వినిపిస్తావా?" అంది.

ఉత్త గొంతు వినిపించింది. లైనుకీ లైనుకీ మధ్య ఖాళీల్లో, చాలా లోపలెక్కడో, సన్నగా గిటార్ మోగుతోంది. డిటెక్టివ్‌కి ఎక్స్ఛేంజీ గుర్తొచ్చింది. ఒకరి లైన్లో మాట్లాడుతుంటే పక్క లైన్లో ఎవరో పెళ్ళి సంబంధం మాట్లాడుకోవడం ఇలాగే వినపడేది.

"ఇది పియానో పాటలో గొంతేగా? గిటార్ ఎక్కడిది?"

"మేం లీక్ అంటామండీ. పాడేవాళ్ళ చెవుల్లో వాయిద్యం మోగుతూ ఉంటుంది కదా, హెడ్‌ఫోన్ సరిగ్గా పెట్టుకోకపోతే ఆ చప్పుడు మైకులో పడుతుంది. ఈవిడకి ఒక చెవి తెరిచి ఉంచుకుని పాడే అలవాటు. మా ఇంజనీరు సార్ ఎప్పుడూ తిట్టేవారు, చెవి మూసుకోవే తల్లీ అని. బుధవారం నాకు సెలవు, మేష్టారే రికార్డ్ చేసుకున్నానన్నారు. అప్పటికి పియానో ఇంకా వాయించలేదు. పాత గిటారే చెవుల్లో పెట్టి పాడించి ఉంటారు."

"వినేవాళ్ళకి ఈ లీకు తెలీదా?"

"పైన పియానో మోగుతుంటే ఎవరికీ తెలీదు. మేష్టారికి కూడా తెలీదు. ఆయనకి స్వరాలు తెలుసు గానీ ఈ గోల తెలీదు."

ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకున్నాడు. "కొండని తవ్వుతున్నారు మేడమ్. ఎలుకైనా దొరికిందా?"

డిటెక్టివ్ మిక్సింగ్ అమ్మాయి వైపు తిరిగింది. "అమ్మాయీ, ఈ రెండు గొంతులూ రెండు రోజుల్లో పాడినవో, ఒక రోజు పాడినవో నా చెవికి అనుమానంగా ఉంది. కోర్టులో నా చెవి చెల్లదు. చెవితో పని లేకుండా తేల్చే దారేదైనా ఉందా?"

మిక్సింగ్ అమ్మాయి పెన్సిల్ మళ్ళీ తల్లో గుచ్చుకుని ఆలోచించింది. "ఉందండీ. రెండు గొంతుల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి, ఒకదాన్ని తలకిందులు చేస్తాను. ఒకటి పైకి లేచినచోట రెండోది కిందికి దిగుతుంది. రెండూ అచ్చంగా ఒకటే అయితే ఒకదాన్నొకటి మింగేస్తాయి, ఏమీ వినపడదు. వెంట్రుకంత తేడా ఉన్నా పాట వినపడుతుంది."

"బాగా సాధన చేసిన పిల్ల ఒకేలా పాడదా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మీరు రెండుసార్లు సంతకం పెట్టి, ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుగుకి పట్టుకోండి సార్. కలుస్తుందేమో చూడండి."

ఇన్‌స్పెక్టర్ రిజిస్టర్ మళ్ళీ చంకలో పెట్టుకున్నాడు. మిక్సింగ్ అమ్మాయి మీటలు కదిపి, రెండు గొంతుల్నీ సరిగ్గా కుదిర్చి, మాట మారిన ఆఖరి లైను పాతదాంట్లోంచి తీసేసి, నొక్కింది. తెర మీద నిలువు గీత ఎడమ నుంచి కుడికి నడవడం మొదలుపెట్టింది. స్పీకర్లలో ఏమీ లేదు.

పల్లవి దాటింది. మొదటి చరణం దాటింది. గుటక లేదు, గిటార్ లేదు.

"స్పీకర్ పనిచేస్తోందా?" అని గుసగుసగా అడిగాడు ఇన్‌స్పెక్టర్. ఎందుకు గుసగుసలాడాడో ఆయనకే తెలీదు.

"పనిచేస్తోంది సార్."

మూడు నిమిషాలు నలుగురూ ఆ ఖాళీనే విన్నారు. అక్కగారికి ఏం జరుగుతోందో సగమే అర్థమైంది గానీ, డిటెక్టివ్ కుర్చీ వీపుని రెండు చేతులా పట్టుకుంది. అప్పుడు, అంత నిశ్శబ్దంలోంచి, ఒంటరిగా ఆ గొంతు లేచింది.

*దీపమార్పకు, నేను వస్తా*

తర్వాత మళ్ళీ ఏమీ లేదు.

అక్కగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మిక్సింగ్ అమ్మాయి వేళ్ళు మీటల మీదే ఉండిపోయాయి. "పాటంతా పాతదే," అంది చివరికి. "నెల కిందట పాడిందే మేష్టారు తెచ్చి ఇచ్చారు. బుధవారం ఆవిడ అసలు పాడలేదు."

"ఒకే ఊపున పాడేసిందన్నాడే!" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అదీ అన్నాడు, మూడింటికి వచ్చిందనీ అన్నాడు," అంది డిటెక్టివ్. "పాట ఉంది కాబట్టి ఆ పిల్ల నాలుగున్నరదాకా ఇక్కడుందని మీరు నమ్మారు. నాలుగున్నర తర్వాత ఇంజనీరుకి సాక్షి లేడు, మేష్టారికి అరవైమంది ఉన్నారు. పాట తీసేస్తే ఏం మిగులుతుంది? పొద్దున పదింటికి ఇంట్లోంచి బయల్దేరిందనే ఒక్క సంగతి. పది నుంచి ఐదు దాకా మేష్టారు ఎక్కడున్నాడో మీరు అడిగారా?"

ఇన్‌స్పెక్టర్ చూపు తలుపు వైపు పోయింది, అరగంట కిందట తన చేత్తో తీసి పట్టుకున్న తలుపు.

"ఇప్పుడా ఒక్క లైను మళ్ళీ పెట్టమ్మా. ఇంకాస్త గట్టిగా."

ఈసారి అందరికీ వినపడింది. గొంతు వెనక పియానో మోగుతోంది. సన్నగా కూడా కాదు, పక్కగదిలో వాయిస్తున్నంత స్పష్టంగా.

"ఇక్కడ లీకయింది గిటార్ కాదు," అంది మిక్సింగ్ అమ్మాయి. "పియానో."

"పియానో ఎప్పుడు వాయించారు?"

"గురువారం. నేనే రికార్డ్ చేశాను. తొమ్మిదికొచ్చి పదకొండింటికి వెళ్ళాడు పియానో ఆయన. బయటి మనిషి గనక గేట్లో సంతకం కూడా పెట్టాడు, రోజూ వచ్చేవాళ్ళకి ఆ పని లేదు."

రిజిస్టర్ ఇన్‌స్పెక్టర్ చంకలోనే ఉంది. ఆయన నెమ్మదిగా తీసి, పేజీలు తిప్పి, వేలు పెట్టి చూశాడు. గురువారం, తొమ్మిది ఐదు, పియానో. పదకొండు పది, బయటికి. తను సాక్ష్యంగా పట్టుకెళ్ళబోయిన పుస్తకమే అది.

"కంప్యూటర్ చేత పాడించి ఉండొచ్చుగా?" అన్నాడు. అడగాలి గనక అడిగినట్టుంది. "ఈ రోజుల్లో ఎవరి గొంతైనా తయారుచేస్తున్నారట."

"కంప్యూటర్ హెడ్‌ఫోన్ పెట్టుకోదు సార్," అంది మిక్సింగ్ అమ్మాయి. "లీకు ఉందంటే మైకు ముందు మనిషి ఉన్నట్టే."

"ఆ లైను మార్చమని కంపెనీ వాళ్ళు ఎప్పుడడిగారు?"

ఆమె ఫోన్ తీసి చూపించింది. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండూ పది. "శనివారం తొమ్మిదింటికి మేష్టారు తెచ్చిచ్చారు. బుధవారమే రెండు రకాలుగానూ పాడించి పెట్టుకున్నానన్నారు. పెద్దాయన చెబితే నేనెందుకు అడుగుతానండీ?" ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అడగాల్సింది."

డిటెక్టివ్ నోటుబుక్కు మూసేసి, కుర్చీ వెనక్కి తిప్పి, అక్కగారి రెండు చేతులూ పట్టుకుంది. ఇలాంటి మాటలు ఆమె ఎప్పుడూ మెల్లగానే చెబుతుంది.

"వినమ్మా. మీ ఆయన్ని గురువారం పొద్దున ఏడింటికి తీసుకెళ్ళారు. అప్పటికి పియానో వాయించనేలేదు. మీ చెల్లెలు ఈ లైను పాడింది శుక్రవారం మధ్యాహ్నం తర్వాత. మీ ఆయన ఏ పాపం ఎరగడు. శుక్రవారం దాకా మీ చెల్లెలు ప్రాణాలతో ఉంది."

అక్కగారు నిలబడ్డచోటే కూలబడింది. ఏడుపు వస్తుందనుకున్నారు గానీ ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. మొగుణ్ణి అనుమానించిన సిగ్గూ, చెల్లెలు బతికుందన్న ఆశా ఒక్కసారే మీద పడితే ఏ మనిషైనా అంతే. డిటెక్టివ్ ఆమె చేతులు వదలలేదు.

"ఇంకో మాట," అంది మిక్సింగ్ అమ్మాయి. "ఆవిడది ఇంత లీకు నేనెప్పుడూ వినలేదు. ఒక చెవి తెరుచుకుంటే ఇంత రాదు. హెడ్‌ఫోన్ తీసి, మైకు పక్కనే పట్టుకుని పాడినట్టుంది. కావాలనే."

"వాళ్ళ బావ కోసం," అంది అక్కగారు కళ్ళు తుడుచుకుంటూ. "పాట కుదిర్చేది ఆయనే కదా. వినగానే తిట్టుకుంటాడు, తర్వాత ఎప్పుడు పాడిందిరా ఇదని వెతుకుతాడు. ఆయన లాకప్‌లో ఉన్నాడని దానికేం తెలుసు!"

ఇన్‌స్పెక్టర్ లక్క, సీలు రెండూ బల్ల మీద పెట్టేశాడు. తప్పు జరిగితే ఒప్పుకునే మనిషి కాదు గానీ, పనిలో మాత్రం దొంగ కాదు. "ఇప్పుడే ఫోన్ చేసి మేష్టారు కారు ఆపిస్తాను. నాలుగు తగిలిస్తే తనే చెబుతాడు."

"చెప్పకపోతే?" అంది డిటెక్టివ్. "ఎక్కడ దాచాడో మనకి తెలీదు. తాళం వేసిన గదిలో ఉందో, మందిచ్చి పడుకోబెట్టాడో. మీ లాకప్‌లో అతను నోరు మూసుకుని నాలుగు రోజులు కూర్చుంటే అక్కడ ఆ పిల్లకి నీళ్ళెవరు ఇస్తారు? మీ మనుషుల్ని వెనకాలే దూరంగా వెళ్ళమనండి. ఎదురుపడొద్దని చెప్పండి."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. ఆయన కారు నంబరు చెబుతుండగానే మిక్సింగ్ అమ్మాయి ఫోన్ బల్ల మీద బుర్రుమని వణికింది. చదివి, తెర అందరి వైపు తిప్పింది.

మేష్టారు. "ఆ పాట ఉత్త గొంతు ఫైళ్ళు రెండూ చెరిపెయ్. పాట అయిపోయింది, ఇక అవసరం లేదు." పదకొండూ యాభై ఎనిమిది.

అక్కగారు ఆ మాటలు రెండుసార్లు చదివింది. "ఫైళ్ళు అవసరం లేదంటే... మా చెల్లెలూ అవసరం లేదనేగా మేడమ్? ఊరవతల పనుందన్నాడు. ఇప్పుడు దాని దగ్గరికే వెళుతున్నాడు. ఇంకెందుకు బతకనిస్తాడు?"

డిటెక్టివ్‌ది పాతికేళ్ళు లైన్లు కలిపిన చెయ్యి. ఏ లైను తెగకుండా పట్టుకోవాలో దానికి తెలుసు.

"అవసరం ఉందని మనమే చెబుదాం," అంది. "అమ్మాయీ, రాయి. మేష్టారూ, దీపమార్పకు లైనులో గరగర వస్తోంది. కంపెనీ వాళ్ళు విని వద్దన్నారు. ఆ ఒక్క లైనూ శుభ్రంగా ఉన్నది ఇస్తేగానీ రేపు విడుదల లేదట. ఏం చెయ్యమంటారు?"

మిక్సింగ్ అమ్మాయి తప్పు లేకుండా కొట్టింది. పంపింది. నలుగురూ ఆ చిన్న తెర చుట్టూ మూగారు. ఇన్‌స్పెక్టర్ ఫోన్‌లో ఎవరో "సార్, సార్" అంటూనే ఉన్నారు, ఆయన వినడంలేదు. పన్నెండయింది. పన్నెండూ రెండు. పన్నెండూ నాలుగు.

ఫోన్ వణికింది.

"ఇంకో టేకు నా దగ్గరుంది. సాయంత్రం ఆరింటికి పంపిస్తాను."

"ఇంకో టేకు ఉందంటున్నాడు," అని నీరుగారిపోయాడు ఇన్‌స్పెక్టర్. "అయితే ఆ పిల్లతో అతనికి పనే లేదు."

"ఉన్నదాన్ని పంపడానికి ఎంతసేపు పడుతుందమ్మా?" అని డిటెక్టివ్ మిక్సింగ్ అమ్మాయిని అడిగింది.

"రెండు నిమిషాలు."

"మరి ఆరింటిదాకా ఎందుకడిగాడు? లేదు కాబట్టి అడిగాడు. అక్కడికి వెళ్ళాలి, పాడించాలి, తేవాలి."

అక్కగారు లేచి నిలబడింది. డిటెక్టివ్ చెయ్యి ఇంకా ఆమె పిడికిట్లోనే ఉంది. "అంటే ఇప్పుడు, ఈ నిమిషంలో మా చెల్లెలు బతికే ఉంది. అవునా మేడమ్?"

"ఉందమ్మా," అంది డిటెక్టివ్. ఆమె దగ్గర అబద్ధం ఆడాలనిపించలేదు. "ఆరింటిదాకా."